చీటీ వేసి చికిత్స చేయవచ్చునా?

ఇంటిలో ఒకరికి దీర్ఘవ్యాధి సోకినపుడు ఆ యింటివారు వైద్యుని అడుగునది ఒకే ప్రశ్న: "ఈ మందుతో నయమగునా?" వైద్యుడు సాధారణముగా చెప్పు సమాధానమును ఒకటే: "చాలమందికి నయమైనది." ఆ మాట విని యింటివారు ఊరట చెందుదురు, నగలు కుదువపెట్టియైనను మందు కొందురు. ఇందు వైద్యుడు అబద్ధమాడినాడని చెప్పుటకు వీలులేదు. నయమైనవారిని అతడు కన్నులార చూచినాడు. కాని చూచినది చెప్పుట వేరు. చూచినదానికి కారణమిదియే యని చెప్పుట వేరు. ఈ రెండింటి నడుమనున్న దూరమును కొలువకుండ ఒకరి దేహములో మందు ప్రవేశపెట్టుటకు మరియొకరికి అధికారమెక్కడిది? పైకి వైద్యశాస్త్రమునకు చెందినదిగా కనబడినను, ఇది ధర్మమునకు చెందిన ప్రశ్న.

ఒక చికిత్స మేలు చేయునో లేదో తెలిసికొనుటకు నేడు ప్రధానముగా రెండు మార్గములున్నవి. మొదటిది పరిశీలన. ఎవరి యిష్టము చొప్పున వారు మందు వాడుచుండగా, వాడినవారిని వాడనివారిని ఏండ్ల తరబడి గమనించి, ఎవరికేమైనదో లెక్క వ్రాయుట దాని పద్ధతి. రెండవది చీటీల పరీక్ష. పరీక్షలో చేరుటకు అంగీకరించిన రోగులను, వైద్యుని యిష్టముతో గాని రోగి యిష్టముతో గాని నిమిత్తము లేకుండ, చీటీ వేసినట్లుగా రెండు వర్గములుగా విభజింతురు. ఒక వర్గమునకు క్రొత్త చికిత్స జరుగును. రెండవ వర్గమునకు పాత చికిత్సయో, మందు లేని ఉత్తమాత్రయో ఇత్తురు. పిదప ఫలితములను పోల్చి చూతురు.

ఈ రెండవ మార్గము వినగానే మనస్సునకు రుచింపదు. ప్రాణములతో జూదమా? మేలైన మందు చేతనుండగా సగము మందికి ఇచ్చి సగము మందికి ఇవ్వకుండుట పాపము కాదా? మంచివారు అడుగు ప్రశ్న ఇది. ఇది తేలికగా త్రోసివేయదగిన అభ్యంతరము కాదు. కావున వట్టి మాటలతో వాదింపక, దక్షిణదేశముననే జరిగిన ఒక నిజమైన సందర్భమును ముందుంచుకొని విచారించుట మేలు.

1950వ దశకమున క్షయవ్యాధి దేశమును పీడించుచుండెను. దానికి మందులు అప్పుడప్పుడే వచ్చినవి. అయినను క్షయరోగికి శానిటోరియమే శరణ్యమని వైద్యులును ప్రజలును గట్టిగా నమ్మియుండిరి. మంచి గాలి, పూర్తి విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, నర్సుల పరిచర్య, వేళకు మందు: ఇవన్నియు అచట లభించును. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము ఇందులకే ప్రసిద్ధి కెక్కినది. కాని ఆ నమ్మకమునకు కుటుంబములు చెల్లించిన మూల్యము చిన్నది కాదు. చంటిబిడ్డ తల్లికి క్షయ సోకినచో బిడ్డను విడిచి నెలల తరబడి దూరముగా నుండవలెను. సంపాదించు మగవాడు పడకపట్టిపోయినచో ఇంటిలో పొయ్యి రాజుట కష్టము. పైగా దేశములో రోగులు లక్షలలో నుండగా పడకలు వేలలో మాత్రమే యుండెను. పడక దొరకనివాడు తనకు చావు నిశ్చయమని ఇంటిలో మూలబడియుండెడివాడు. ఇంటివారును, పిల్లలకు అంటుకొనునను భయముతో, అతనిని దగ్గరకు రానిచ్చెడివారు కారు.

ఇంటివద్దనే మందులిచ్చి ఈ రోగమును నయము చేయవచ్చునా? అదియే ఆనాటి ప్రశ్న. దీనికి పరిశీలనచే సమాధానము దొరకునా యని ఆలోచింపుడు. శానిటోరియములో నున్నవారిని, ఇంటివద్దనున్నవారిని లెక్కించి పోల్చినారనుకొందము. శానిటోరియములో ఎక్కువమందికి నయమైనచో అది శానిటోరియము మహిమయని చెప్పవచ్చునా? అచటికి చేరినవారు కొంత కలిగినవారు కావచ్చును. పూర్వమునుండి మంచి తిండి తిన్నవారు కావచ్చును. తక్కువమందికి నయమైనచో శానిటోరియము చెడ్డదని చెప్పవచ్చునా? రోగము ముదిరినవారినే వైద్యులు అచటికి పంపియుండవచ్చును. ఫలితము ఎట్లు వచ్చినను దానికి వేరొక కారణమును చూపవచ్చును. ఎంతమందిని చూచినను, ఎన్నియేండ్లు చూచినను ఈ చిక్కు విడిపోదు.

తర్కశాస్త్రము కొంచెమైనను చదివినవారికి ఈ చిక్కు క్రొత్తది కాదు. పొగయున్నచోట నిప్పుండుననుట సరియైన వ్యాప్తి. కాని నిప్పున్నచోటనెల్ల పొగ యుండుననుట దోషము. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. పొగ పుట్టుటకు నిప్పుతోపాటు తడికట్టె కావలెను. కంటికి కనబడకుండ వెనుకనుండి కార్యమును నడిపించు ఆ తడికట్టెను తార్కికులు ఉపాధి యనిరి. వంటయింటి పొయ్యినే నిత్యము చూచువాడు నిప్పే పొగకు చాలునని భ్రమపడును. మందు వాడినవారికి నయమైనదని చూచి మందే కారణమనుకొనుటలో ఇట్టి ఉపాధి దాగియుండవచ్చును. అది వారి సంపద కావచ్చును, వయస్సు కావచ్చును, ఆహారము కావచ్చును, దేహము తనంత తాను కోలుకొను స్వభావము కావచ్చును. తెలిసిన ఉపాధిని గణితముచేత కొంతవఱకు తొలగింపవచ్చును. తెలియనిదానిని తొలగించుటెట్లు?

ఇచటనే చీటీ అక్కరకు వచ్చును. చీటీకి ధనికుడు లేడు, పేద లేడు. బలవంతుడు లేడు, దుర్బలుడు లేడు. తగినంతమందికి చీటీ వేసినచో తెలిసిన ఉపాధులు మాత్రమే గాక ఎవరికిని తెలియని ఉపాధులును ఇరువైపుల ఇంచుమించు సమముగా చేరును. అపుడు ఇరువర్గములకును మిగిలిన భేదము చికిత్స ఒక్కటియే. అట్టిచో ఫలితములో స్పష్టమైన భేదము కనబడినచో అది చికిత్సవలననే యని చెప్పుటకు అర్హత కలుగును.

మద్రాసులో 1956వ సంవత్సరమున నెలకొల్పిన క్షయ చికిత్సా కేంద్రము ఈ పనికి పూనుకొనెను. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి కలిసి ఆ కేంద్రమును స్థాపించినవి. వాలెస్ ఫాక్స్ అను వైద్యుడు దానికి మార్గదర్శి. నగరములోని పేద కుటుంబములకు చెందిన 193 మంది రోగులను యాదృచ్ఛికముగా రెండు వర్గములు చేసి, ఒక వర్గమును శానిటోరియమునకు పంపిరి. రెండవ వర్గమును ఇంటివద్దనే యుంచిరి. ఇరువర్గములకును ఒక సంవత్సరముపాటు ఐసోనియాజిడ్, పి.ఏ.ఎస్. అను మందులనే యిచ్చిరి. శానిటోరియమువారికి విశ్రాంతి, మంచి ఆహారము, పరిచర్య లభించెను. ఇంటివద్దనున్నవారు ఇరుకు గదులలో, చాలీచాలని తిండితో, కొందఱు పనిపాటలు చేసికొనుచునే మందు తినిరి.

ఫలితములు 1959లో వెలువడినవి. ఇంటి చికిత్స శానిటోరియము చికిత్సకు ఇంచుమించు సాటివచ్చెను. అంతకన్న ముఖ్యమైన విషయము మరియొకటి తేలెను. రోగితో కలిసి ఒకే యింటిలో నున్నవారికి, రోగి మందు తినుచున్నంతవఱకు, అదనపు ముప్పు పెద్దగా లేదు. తరువాతి యేండ్లలో ఆ కుటుంబములను గమనించినపుడును ఇదియే స్థిరపడెను. ఆ పిదప క్షయ చికిత్స ఇంటిబాట పట్టెను. మన దేశములోనే గాక ఇతరదేశములలోను ఆ మార్గమునే అనుసరించిరి. తల్లిని బిడ్డనుండి వేరుచేయు అవసరము తీరెను. అనుభవజ్ఞులైన వైద్యుల నమ్మకము దయతో కూడినదే. కాని ఆ దయయే తెలియకుండ ఎన్ని కుటుంబములను విడదీసెనో! దానిని సరిదిద్దినది చీటీ.

ఇక మొదటి అభ్యంతరమునకు రావలెను. మేలైన మందును సగము మందికి ఇవ్వకుండుట పాపము కాదా యని కదా ప్రశ్న. ఈ ప్రశ్నలోనే ఒక ఊహ దాగియున్నది: ఆ మందు మేలైనదని ముందే తెలిసినట్లు. తెలిసినచో చీటీ వేయుట నిస్సందేహముగా అధర్మమే. తెలియనిచో? బ్రిటనులో 1946వ సంవత్సరమున స్ట్రెప్టోమైసిన్ అను మందు వచ్చినపుడు అది అందఱికి సరిపడునంత లేకుండెను. ఎవరికి ఇవ్వవలెను? పలుకుబడి కలవారికా? ముందుగా తలుపు తట్టినవారికా? గణాంకవేత్తయైన ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ సూచన మేరకు, రోగి యే వర్గమునకు చెందునో కవరులో మూసిపెట్టి, వైద్యునికిని ముందుగా తెలియకుండ చేసిరి. మందు పొందినవారు 55 మంది. ఆనాటి రివాజు ప్రకారము పడకపై విశ్రాంతి మాత్రమే పొందినవారు 52 మంది. ఆరు నెలలలో మొదటి వర్గమున 4గురు, రెండవ వర్గమున 14గురు మరణించిరి. మందు పనిచేయునని తేలెను. అదే పరీక్షలో, ఆ మందు ఒక్కదానినే వాడినచో క్రిములు దానికి లొంగకుండ పోవునను సంగతియు బయటపడెను. పంచుటకు చాలనపుడు పలుకుబడికన్న చీటీయే న్యాయమైనది. అయినను ఆ పరీక్షలో ఒక లోపమున్నది. విశ్రాంతి వర్గములోనివారికి తాము పరీక్షలో నున్నామని చెప్పలేదు. నేటి ప్రమాణముచే అది తప్పు.

తెలియనపుడు తెలిసినట్లు ప్రవర్తించుటవలన కలుగు హానికి ఉదాహరణము అమెరికాలో 1989వ సంవత్సరమున కనబడెను. గుండెపోటు వచ్చినవారికి గుండె లయ తప్పి కొట్టుకొనుచుండును. అట్టివారు ఎక్కువగా మరణింతురని వైద్యులు గమనించిరి. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అను మందులు ఆ లయతప్పిన కొట్టుకొనుటను అణచును. కావున అవి ప్రాణమును కాపాడునని చాలమంది నమ్మి వాడుచుండిరి. తర్కము ముచ్చటగా నున్నది. చీటీ వేసి పరీక్షింపగా, మందు తిన్న 755 మందిలో 63 మందియు, ఉత్తమాత్ర తిన్న 743 మందిలో 26 మందియు మరణించిరి. ప్రాణరక్షకమని ఇచ్చిన మందు ప్రాణాంతకమని తేలి పరీక్ష మధ్యలోనే ఆగిపోయెను. అంతకుముందు ఆ మందు తిని మరణించినవారిని చూచి వైద్యులు అనుమానపడకుండుటకు కారణమేమి? గుండెజబ్బువాడు గుండెజబ్బుతో మరణించినచో ఎవడు మందును శంకించును? ఉత్తమాత్ర తిన్నవాడు ఆనాడు దురదృష్టవంతుడుగా కనబడియుండును. నిజమునకు అతడే అదృష్టవంతుడు.

పెద్ద సంఖ్యలో జరిగిన పరిశీలనయు ఒక్కొక్కపుడు దారి తప్పును. అమెరికాలో 1976వ సంవత్సరమున లక్షకు పైబడిన నర్సులతో ఆరంభమైన పరిశీలనలో, ముట్లుడిగిన పిదప హార్మోను మాత్రలు వాడు స్త్రీలలో గుండెజబ్బు దాదాపు సగమే యున్నట్లు కనబడెను. దానిని నమ్మి లక్షలాది స్త్రీలకు ఆ మాత్రలు వ్రాసిరి. తరువాత 16,608 మంది స్త్రీలకు చీటీ వేసి పరీక్షించిరి. 2002వ సంవత్సరమున ఆ పరీక్షను గడువుకు ముందే నిలిపివేసిరి. ఏటికి ప్రతి పదివేలమందిలో గుండెజబ్బు 7గురికి, పక్షవాతము 8మందికి, రొమ్ముక్యాన్సరు 8మందికి ఎక్కువగా వచ్చుచున్నట్లు తేలెను. తుంటియెముక విరుగుట మాత్రము 5గురికి తగ్గెను. ఉపాధి యేమి? తమంత తాముగా మాత్రలు వాడినవారు సాధారణముగా చదువుకొన్నవారు, ఆరోగ్యముపై శ్రద్ధ కలవారు. అయినను న్యాయముగా మరియొకటి చెప్పవలెను. పరీక్షలో చేరినవారిలో చాలమంది ముట్లుడిగి అనేక సంవత్సరములు గడచినవారు. ముట్లుడిగిన తొలియేండ్లలో వాడినవారి సంగతి కొంత భిన్నమని తరువాతి విశ్లేషణలు చూపినవి. కావున చీటీ చెప్పినదియు, ఏ వయస్సువారికి చీటీ వేసిరో వారికే చక్కగా వర్తించునని గుర్తింపవలెను.

ఇంతవఱకు విన్నవారు చీటీ లేనిదేదియు ప్రమాణము కాదని తలచుటకు అవకాశమున్నది. అదియు పొరపాటే. 1950వ సంవత్సరమున రిచర్డు డాల్, ఇంతకుముందు చెప్పిన బ్రాడ్‌ఫర్డ్ హిల్ కలిసి, లండను ఆసుపత్రులలోని ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులను పరిశీలించి పొగత్రాగుటకును ఆ వ్యాధికిని గల సంబంధమును చూపిరి. 1951వ సంవత్సరమున బ్రిటనులోని వైద్యులకే లేఖలు వ్రాసి, సుమారు 40,000 మందిని గమనించుట ప్రారంభించిరి. ఎక్కువ త్రాగినవారికి ఎక్కువ ముప్పు. మానినవారికి ఏండ్లు గడచినకొలది ముప్పు తగ్గును. చీటీల విభజనకు శాస్త్రములో స్థానము కల్పించిన మహాగణితజ్ఞుడు ఆర్. ఏ. ఫిషర్ దీనిని అంగీకరింపలేదు. పొగత్రాగు కోరికకును క్యాన్సరునకును పుట్టుకతో వచ్చిన ఒకే స్వభావము కారణము కావచ్చునని అతడు వాదించెను. ఉపాధి శంకింపదగినదే. కాని ఆ ఉపాధి ఇంత పెద్ద భేదమును కలిగింపగలదా, మానినవారిలో ముప్పు ఏల తగ్గుచున్నది యను ప్రశ్నలకు ఆ శంక నిలువలేదు. ఫిషర్ పొరబడెను. ఇట్టిచోట చీటీ వేయుమనుటయే అధర్మము. సగము మంది పిల్లలకు పొగ నేర్పి, ఎందఱు చత్తురో చూచుట మానవునికి తగిన పని కాదు. అరుదుగా వచ్చు దుష్ఫలితములును కొద్దిమందితో జరుగు పరీక్షలలో కనబడవు. గర్భిణులు వాడిన థాలిడోమైడ్ అను మందువలన శిశువులు అవయవలోపముతో పుట్టుచున్నారని 1961వ సంవత్సరమున పసిగట్టినది కన్నులు తెరచుకొని చూచిన వైద్యులే.

కావున పరిశీలనయు చీటీయు శత్రువులు కావు. మేలు చేయుదునని చెప్పుకొను మందును నిగ్గుతేల్చుటకు చీటీ శ్రేష్ఠము. కీడును కనిపెట్టుటకు, చీటీ వేయరాని విషయములను తెలిసికొనుటకు, జాగరూకమైన పరిశీలన శ్రేష్ఠము. బంగారమునకు గీటురాయి, ధాన్యమునకు కుంచము. గీటురాయిపై ధాన్యమును గీయరాదు.

అయితే రెండింటికిని సమానమైన ధర్మమొకటి కలదు. మనుష్యుని మనుష్యునిగా చూడవలెను. అప్పటి ఆంధ్రప్రదేశములోని, నేటి తెలంగాణలోని ఖమ్మము జిల్లాలో 2009వ సంవత్సరమున దాదాపు 14,000 మంది బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరును నివారించు టీకా వేసిరి. అది చీటీల పరీక్ష కాదు. టీకాను ప్రజలలో ఎట్లు అమలుపరుపవచ్చునో చూచు కార్యక్రమము. కొందఱు బాలికలు మరణించిన వార్తలు రాగా 2010 ఏప్రిలులో దానిని నిలిపివేసిరి. ఆ మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా ఉపయోగకరమని లోకమంతట స్థిరపడినది. కాని మరియొక తప్పు తేలెను. అనేకచోట్ల తల్లిదండ్రులకు బదులు వసతిగృహముల వార్డెనులు, ప్రధానోపాధ్యాయులు అంగీకారపత్రములపై సంతకములు చేసిరి. మందు మంచిదైనను, ఉద్దేశము మంచిదైనను, అడుగవలసినవారిని అడుగకుండుట తప్పే. ఉపాధ్యాయునికి బిడ్డకు అక్షరము నేర్పు అధికారమున్నది. ఆ బిడ్డ దేహమును మరియొకరికి అప్పగించు అధికారము లేదు. చీటీ లేనంతమాత్రమున పని నిర్దోషము కాదనుటకు ఇంతకన్న నిదర్శనమక్కరలేదు.

చీటీ వేయుట ధర్మమగుటకు నాలుగు నియమములున్నవి. ఏ చికిత్స మేలో నిజముగా తెలియకుండవలెను. తెలిసియు తెలియనట్లు నటింపరాదు. రోగికి అతని భాషలో సర్వము విప్పిచెప్పి, కాదను స్వేచ్ఛతో అంగీకారము పొందవలెను. సత్యము తేలిన మఱుక్షణము పరీక్షను నిలుపవలెను. ఫలితము అనుకూలమైనను ప్రతికూలమైనను లోకమునకు వెల్లడింపవలెను. మన దేశములో ఇట్టి పరీక్షలను నమోదుచేయు పట్టిక 2007లో ఏర్పడెను. 2009నుండి నమోదు తప్పనిసరి యయ్యెను. 2019లో వివరమైన నియమావళి వచ్చెను. చట్టము కాగితమును కాపాడగలదు. మనుష్యుని కాపాడునది పరీక్షించువాని అంతఃకరణమే.

జూదరి చీటీ వేయుట లోభముచే. ఇచట చీటీ వేయుట తన అజ్ఞానమును ఒప్పుకొనుటచే. "నాకు తెలియదు" అను మాట పలుకుటకు విద్వాంసునికి ఎంత కష్టమో లోకమెఱుగును. తన పేరు, తన యనుభవము, తన యిష్టము ప్రక్కకుపెట్టి సత్యము చెప్పినట్లు వినుటకు సిద్ధపడినవాడే చీటీ వేయగలడు. అహంకారము కలవానికి అది చేతగాదు.

ఈ వివేకము వైద్యులకు మాత్రమే చాలదు, గృహస్థునికిని కావలెను. ఫలాని మందుతో తనకు నయమైనదని పొరుగువాడు చెప్పినపుడు అతనిని అబద్ధీకుడనరాదు. మూడు ప్రశ్నలు మాత్రము అడుగవలెను. ఆ మందు తినియు నయము కానివారెందఱు? తినకయే నయమైనవారెందఱు? తిన్నవారికిని తిననివారికిని మందు తప్ప వేరు భేదమేమియు లేదా? మొదట చెప్పిన ఇంటివారు వైద్యుని అడుగవలసినవియు ఈ ప్రశ్నలే. వానికి సమాధానము తెలిసినచో అతడు చెప్పును. తెలియనిచో "ఇంకను తేలలేదు, తేలినంతలో ఇది మేలుగా తోచుచున్నది" అని చెప్పవలెను. ఆ మాటవలన ఊరట కొంత తగ్గవచ్చును. కాని నగలు కుదువపెట్టుటకు ముందు ఆ యింటివారు ఆ మాట వినుటకు హక్కు కలవారు.